వైన్ లేని ఊళ్ళో రెడ్ స్ప్రిట్జ్

"ఏంది నాయనా ఇది, గోంగూర ఉడకేసినట్టుండాది వాసన?" అన్నాడు అన్న, పొయ్యి మీది గిన్నెలోకి తొంగి చూసి.

ఎవరూ చెప్పకుండానే పట్టేశాడు. గిన్నెలో మరుగుతున్న నీళ్ళలో వేసినవి కర్కదే పువ్వులు. ఈజిప్టువాళ్ళు కాచుకుని తాగే ఎర్రటి పానీయం వీటితోనే చేస్తారు. ఇక్కడ మసాలా దినుసుల కొట్లలో తూకానికి అమ్ముతారు. వృక్షశాస్త్రం పుస్తకంలో చూస్తే ఆ మొక్క మన ఎర్ర గోంగూరే. మనం ఆకు తింటాం, వాళ్ళు పువ్వు కింది ఎర్రటి దొప్పల్ని ఎండబెట్టి తాగుతారు. గుంటూరులో పుట్టి ముప్పయ్యేళ్ళు గోంగూర తిన్న నాకు ఈ సంగతి కువైట్ వచ్చాక తెలిసింది. రాజంపేట దగ్గర పల్లెలో పుట్టిన అన్నకి ముక్కే చెప్పింది.

అన్న లారీ డ్రైవరు. కువైట్లో పందొమ్మిదేళ్ళ నుంచి ఉన్నాడు. సులైబియాలో ఒక గోడౌనుకి నేను స్టాకు లెక్కల సాఫ్ట్‌వేర్ చూస్తాను. ఉండేది అబ్బాసియాలో. సిస్టం మొండికేసినప్పుడు ఇక్కడికి వస్తుంటాను, అలా పరిచయం. మొదట్లో "సార్" అనేవాడు. ఒకసారి వాళ్ళ రూములో ఉగ్గాని తిన్నాక నాయనా అయ్యాను.

సులైబియా గురించి వినని వాళ్ళ కోసం రెండు ముక్కలు. కువైట్ సిటీ నుంచి జహ్రా వైపు వెళ్తుంటే వస్తుంది. షాపింగ్ మాల్ చూద్దామని ఎవరూ రారు. సెంట్రల్ జైలు ఇక్కడే ఉంది. కూరగాయలూ పళ్ళూ టోకుగా అమ్మే ఫుర్దా మార్కెట్ ఇక్కడే. నగరం వాడి పారేసిన నీటిని పొరలగుండా తోసి మళ్ళీ పొలాలకి పనికొచ్చేలా చేసే పెద్ద ప్లాంటు ఇక్కడే. ఒకప్పుడు ఈ పక్కనే నాలుగు కోట్లకి పైగా పాత టైర్లు ఎడారిలో గుట్టలుగా పడి ఉండేవి. సులైబియా టైర్ల శ్మశానం అని ప్రపంచమంతా ఫోటోలు చూసింది. 2021లో వాటిని సల్మీ వైపు తరలించారు. మొత్తానికి నగరానికి అవసరమై, కళ్ళ ముందు ఉండకూడనివన్నీ ఇక్కడికి వస్తాయి. అన్నలాంటి వాళ్ళ రూములు కూడా.

ఆ రూములో నేను తయారు చేస్తున్నది ఇటాలియన్ రెడ్ వైన్ స్ప్రిట్జ్. అందులో వైన్ లేదు. ఎందుకు లేదో, లేకపోయినా దాన్ని స్ప్రిట్జ్ అని ఎందుకంటున్నానో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

ఆరేళ్ళ క్రితం ఆఫీసు పని మీద మూడు నెలలు ఇటలీలో పాదోవాలో ఉన్నాను. సాయంత్రం ఆరు దాటితే ఊరు ఊరంతా చౌరస్తాల్లోకి వచ్చి కూర్చుంటుంది. ప్రతి బల్ల మీదా ఒక పెద్ద గ్లాసు, నిండా ఐసు, నారింజ రంగు, ఒక ఆలివ్ కాయ, ఒక గిన్నెలో చిప్స్. ఒక్క గ్లాసు పెట్టుకుని గంట కూర్చుంటారు. మన బార్లలో కనిపించే తొందర అక్కడ కనిపించలేదు. ఆ నారింజ రంగుది ఆపెరోల్. అది 1919లో పుట్టింది పాదోవాలోనే. మూడు పాళ్ళు ప్రొసెక్కో, రెండు పాళ్ళు ఆపెరోల్, ఒక పాలు సోడా అని అందరికీ నోటికొచ్చిన లెక్క.

కానీ స్ప్రిట్జ్ అంతకన్నా పాతది, అంతకన్నా బీదది. 1866 దాకా ఆ వెనెతో ప్రాంతం ఆస్ట్రియా పాలనలో ఉండేది. అక్కడికొచ్చిన ఆస్ట్రియా సిపాయిలకి స్థానిక వైన్లు ఘాటుగా అనిపించి, కాసిని నీళ్ళు చిలకరించమని అడిగేవారట. జర్మన్‌లో చిలకరించడాన్ని స్ప్రిట్జెన్ అంటారు, పేరు అక్కణ్ణించి వచ్చింది. ఆపెరోలూ క్యాంపరీ తర్వాత చేరిన హంగులు. ట్రియెస్తె వైపు ఇప్పటికీ స్ప్రిట్జ్ అడిగితే వైన్, సోడా నీళ్ళు, అంతే. మా ఆఫీసులో రిటైర్‌మెంటుకి దగ్గరపడిన ఒకాయన రోజూ తాగేది ఇంకా సాదా. ఇంట్లో తెరిచిన మామూలు రెడ్ వైన్ సగం, సోడా సగం, ఐసు, నారింజ ముక్క. "వేసవిలో ఉత్త రెడ్ వైన్ తాగితే నిద్రొస్తుంది, ఉత్త నీళ్ళు తాగితే ఏడుపొస్తుంది" అనేవాడు. నాకు ఆ గ్లాసు నచ్చింది. తర్వాత హైదరాబాదులో ఉన్న రెండేళ్ళూ శనివారం సాయంత్రాలు అదే చేసుకునేవాణ్ణి.

చట్టం ఒప్పుకునే దేశాల్లో ఉన్న వాళ్ళకి ఆ పద్ధతి ఇక్కడే చెప్పేస్తాను, మళ్ళీ మర్చిపోతాను. పెద్ద గ్లాసు నిండా ఐసు. ముందే ఫ్రిజ్‌లో పెట్టి చల్లబరచిన రెడ్ వైన్ 100 మి.లీ., సోడా 100 మి.లీ., నారింజ చక్రం ఒకటి. చేదు ఇష్టమైతే క్యాంపరీ లాంటిది 30 మి.లీ. వైన్ తేలికపాటిది అయ్యుండాలి. చెక్క పీపాల్లో నిలవ ఉంచిన ఖరీదైనవి సోడాతో కలిస్తే రంపపు పొట్టు వాసన వస్తాయి, డబ్బూ దండగ. ఎమీలియా ప్రాంతపు లాంబ్రుస్కో దొరికితే అది సహజంగానే బుడగలున్న రెడ్ వైన్, సోడా కొంచెం తగ్గించుకోవచ్చు. నూటికి 12, 13 ఉండే వైన్ ఇలా సగానికి సగం సోడా కలిపితే దాదాపు బీరు స్థాయికి దిగుతుంది. ఇంకేం లేదు, ఇంతే వంట.

ఇక కువైట్. ఇక్కడ మద్యం దిగుమతి 1964లోనే నిషేధించారు. తర్వాత తాగడం కూడా నేరమైంది. హోటల్లో దొరకదు, విమానాశ్రయంలో దొరకదు. పట్టుబడితే కేసు, ఆపైన వచ్చిన దారినే ఇంటికి. ఆ చట్టంతో నాకు పేచీ లేదు. 1995లో ఆంధ్రప్రదేశ్‌లో మద్యనిషేధం పెట్టినప్పుడు మా అమ్మమ్మ వీధిలో అందరికీ బెల్లం పంచిందని ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. దూబగుంట ఆడవాళ్ళు సారాకొట్టు మూయించిన కథ ఆవిడకి పురాణంతో సమానం. 1997లో నిషేధం ఎత్తేసినప్పుడు ఆవిడ ఏమన్నదో ఇక్కడ రాయలేను.

నా పేచీ చీకట్లో చేతులు మారే సీసాతో.

2025 ఆగస్టు రెండో వారంలో కువైట్ ఆసుపత్రులకి జనం వరసగా రావడం మొదలైంది. ఆరోగ్య శాఖ ప్రకటనల్లో అంకెలు రోజురోజుకీ పెరిగాయి. చివరికి 160 మంది విషప్రభావానికి గురయ్యారని, 23 మంది చనిపోయారని చెప్పారు. ఎక్కువమంది ఆసియా దేశాల వాళ్ళు. 51 మందికి అత్యవసరంగా డయాలిసిస్ చేశారు, 31 మందిని వెంటిలేటర్ మీద పెట్టారు. 21 మందికి చూపు పోవడమో బాగా దెబ్బతినడమో జరిగింది. దాదాపు 40 మంది భారతీయులు ఆసుపత్రుల్లో చేరారని మన ఎంబసీ తెలిపింది. పోలీసులు 67 మందిని పట్టుకున్నారు, ఇళ్ళ మధ్యా పారిశ్రామిక ప్రాంతాల్లోనూ ఉన్న పది తయారీ స్థావరాలు మూయించారు. కారణం మిథనాల్.

అన్న రూములో ఆరు మంచాలు. కిటికీ పక్క మంచం ఒక కుర్రాడిది. రాయచోటి వైపు పల్లె, ఇరవయ్యారేళ్ళు. గోడౌనులో ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవాడు. నా సాఫ్ట్‌వేర్‌లో అరల నంబర్లు తప్పు పడితే నాకంటే ముందు కనిపెట్టేది వాడే. ఆ నెల మొదట్లో నాకు ఫోన్ చేశాడు. "అన్నా, పదిహేను దినార్లుంటే పంపు, నెలాఖరుకి ఇచ్చేస్తా." ఎందుకని అడగలేదు. అడగడం మర్యాద కాదనుకున్నాను, అంతకంటే నిజం, మీటింగులో ఉన్నాను. ఫోన్లోనే పంపేశాను.

దినారుకి వెయ్యి ఫిల్సులు కాబట్టి ఇక్కడి బ్యాంకు స్టేట్‌మెంట్లో చుక్క తర్వాత మూడు సున్నాలుంటాయి. 15.000. ఆ వరస ఇప్పటికి ఎన్నిసార్లు చూశానో.

శుక్రవారం ఎవరో తెచ్చిన సీసాలో నలుగురు పంచుకున్నారు, రూములో కాదు, ఇంకెక్కడో. అన్ననీ రమ్మన్నారు. తెల్లారి మూడింటికి లారీ ఎక్కాలని వెళ్ళలేదు. శనివారం పొద్దున కుర్రాడు బాగానే లేచాడు, డ్యూటీకి కూడా వెళ్ళాడు. మధ్యాహ్నానికి కడుపునొప్పి, వాంతులు. సాయంత్రం "అన్నా, రూములో పొగ వచ్చిందా, అంతా తెల్లగా ఉంది" అన్నాడట. అన్న అంబులెన్సుకి ఫోన్ చేశాడు. పోలీసులొస్తారని మిగతావాళ్ళు వద్దన్నారు. "పోలీసోళ్ళు వస్తే రానీ" అని చేశాడు. ఆ ఫోన్ వల్లే కుర్రాడు బతికాడని డాక్టరు చెప్పింది.

మిథనాల్‌తో చిక్కు ఏమిటంటే అది చూడ్డానికీ వాసనకీ తాగే ఆల్కహాల్ లాగే ఉంటుంది. థిన్నర్లలో, కారు అద్దం తుడిచే ద్రావకాల్లో వాడతారు. తాగిన వెంటనే ఏమీ కాదు. లివరు దాన్ని ఫార్మాల్డిహైడ్‌గా, తర్వాత ఫార్మిక్ ఆమ్లంగా మారుస్తుంది. చంపేది ఆ ఆమ్లం. దానికి అరరోజు నుంచి రోజు దాకా పట్టొచ్చు, అందుకే మనిషి పొద్దున లేచి పనికి వెళ్ళిపోతాడు. కంటి నరం ముందు దెబ్బతింటుంది. మంచులోంచి చూస్తున్నట్టు ఉండటం దీని పాత లక్షణం. విరుగుడుగా ఫోమెపిజోల్ ఇస్తారు. అది లేనిచోట డాక్టర్లు మామూలు ఆల్కహాలే కొలిచి ఎక్కించేవారు, ఎందుకంటే లివర్లో ఆ రెండిటినీ కరిగించే ఎంజైము ఒకటే. దానికి వేరే పని అప్పగిస్తే మిథనాల్ జోలికి వెళ్ళదు. సర్వర్లతో బతికే నాకు ఈ ఏర్పాటు వెంటనే అర్థమైంది. అర్థమై ఏం లాభం.

ఇంకో మాట, ఇది ముఖ్యం. చెంచాలో పోసి నిప్పంటిస్తే నీలం మంట వస్తే మంచి సరుకని గల్ఫ్ రూముల్లో ఒక నమ్మకం ఉంది. ఆ శుక్రవారం కూడా అంటించి చూశారట. నీలంగానే వచ్చింది. మిథనాల్ మంటా నీలమే, తాగే దాని మంటా నీలమే. ఇంట్లో తేల్చే పరీక్ష ఏదీ లేదు, ఏ రంగూ ఏ రుచీ చెప్పవు. తెలిసిన దుకాణాలు మూతపడ్డచోట తెలియని సీసా వస్తుంది. 2020 లాక్‌డౌన్ రోజుల్లో ప్రకాశం జిల్లా కురిచేడులో శానిటైజర్ తాగి పదిమందికి పైగా పోయిన సంగతి మనకి తెలుసు.

కుర్రాడు సెప్టెంబరులో ఇంటికి వెళ్ళిపోయాడు. వెలుతురూ నీడా తెలుస్తాయి. మనిషి వచ్చి నిలబడితే తెలుస్తుంది, ఎవరో తెలియదు.

వాణ్ణి విమానం ఎక్కించాక రెండు వారాలు నేను సులైబియా వైపు వెళ్ళలేదు. గోడౌను పని ఇంట్లోంచే చక్కబెట్టాను. మూడో శుక్రవారం అన్నే ఫోన్ చేశాడు. "మంచం ఖాళీగా ఉండాది, కొత్తోడు ఇంకా రాలా. సాయంత్రమైతే ఎవురూ మాట్లాడుకోవడం లేదు నాయనా, ఫోన్లు పట్టుకుని గోడ పక్క తిరుక్కుంటాండారు." అప్పుడు నాకు పాదోవా బల్లలు గుర్తొచ్చాయి. వాళ్ళు గంటసేపు పట్టుకు కూర్చునే గ్లాసులో సగం నీళ్ళేనని కూడా.

అలా మొదలైంది. మొదటి శుక్రవారం దారిలో బకాలాలో ద్రాక్షరసం డబ్బాలు, సోడా కొని తీసుకెళ్ళాను. సగం సగం కలిపి ఐసు వేసి ఇచ్చాను. మర్యాదకి తాగారు. చిన్నప్పుడు చుట్టాలొస్తే కలిపే రస్నా ఉండేది చూడండి, అది. ఒక్క గుక్కలో అయిపోయింది, గంట కూర్చోవడానికి అందులో ఏమీ లేదు. అసలు కారణం చక్కెర. ద్రాక్షరసంలో 100 మి.లీ.కి 15, 16 గ్రాముల చక్కెర ఉంటుంది. వైన్ అయ్యేటప్పటికి అదంతా పోయి పులుపు, వగరు, చేదు, గొంతులో కాస్త వేడి మిగులుతాయి. మనిషిని నెమ్మదిగా తాగించేవి ఆ నాలుగూ.

వగరు అనే మాట దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. వైన్ రుచి గురించి ఇంగ్లీషులో రాసేవాళ్ళు టానిన్ టానిన్ అని పేజీలు నింపుతారు, నాలుక ఎండినట్టు, చిగుళ్ళు బిగిసినట్టు అని చెప్పడానికి తంటాలు పడతారు. మనకి ఒక్క మాట చాలు. నేరేడుపండు తిన్నవాడికి, కరక్కాయ బుగ్గన పెట్టుకున్నవాడికి, ఉగాది పచ్చడిలో మామిడి పిందె తగిలినవాడికి వివరించాల్సిన పని లేదు. అన్నని అడిగితే "వగరు కావాలంటే టీ డికాక్షన్ పొయ్యి" అన్నాడు అలవోకగా. డ్రైవర్లకి తెలియని డికాక్షన్ ఏముంటుంది.

రెండో శుక్రవారం టీ పోశాను, ఎక్కువసేపు నానబెట్టి చెడగొట్టాను. మూడోసారి దానిమ్మరసంతో ప్రయత్నించాను. బాగుంది కానీ ఆరుగురికి లెక్కేస్తే ఖరీదు బాగా లేదు. ఆల్కహాల్ లేని మాల్ట్ డ్రింకు కలిపి చూశాను, అది దేనితోనూ కలవని మనిషి. నాలుగోసారి కర్కదే. దాంతో కుదిరింది. పులుపూ రంగూ అదే ఇస్తుంది, కొంత వగరు కూడా.

ఇప్పుడు మేం చేసే కొలత ఇది, ఆరు గ్లాసులకి. అరలీటరు నీళ్ళు మరిగించి పొయ్యి ఆపి, 20 గ్రాముల ఎండు కర్కదే, చిన్న దాల్చినచెక్క, రెండు లవంగాలు, చితక్కొట్టిన అల్లం ముక్క, నాలుగు మిరియాలు వేసి మూత పెట్టాలి. ఆ ఘాటు ఆల్కహాల్ ఇచ్చే వేడికి బదులు. మిరియాలు దంచకూడదు, దంచితే చారవుతుంది. ఆరు నిమిషాలయ్యాక రెండు చెంచాల టీ ఆకు, ఒక నారింజ తొక్క వెయ్యాలి. తొక్కలో నారింజ రంగు భాగమే, లోపలి తెలుపు రాకుండా పల్చగా చెక్కాలి. చేదు నూనెలోంచి కొంచెం రావాలి, తెల్లపొర ఇచ్చే మొండి చేదు వద్దు. మరో నాలుగు నిమిషాలకి వడకట్టెయ్యాలి. టీ అంతకంటే ఒక్క నిమిషం ఎక్కువున్నా నేను పూచీ కాదు. చల్లారాక చక్కెర కలపని ఎర్ర ద్రాక్షరసం అరలీటరు, దానిమ్మ పాకం ఒక చెంచా, చిటికెడు ఉప్పు. ఇక్కడ దిబ్స్ రుమ్మాన్ అని సీసాల్లో దొరికే ఆ నల్లటి పాకం లేకపోతే నిమ్మకాయ పిండండి, లోతు తగ్గుతుంది కానీ పని జరుగుతుంది. ఉప్పు మానెయ్యకండి, రుచిని అదే కుదురుస్తుంది.

ఫ్రిజ్‌లో కనీసం నాలుగు గంటలుండాలి. సోడా కూడా బాగా చల్లగా ఉండాలి, ఇందులో రాజీ లేదు. చల్లటి నీళ్ళు కార్బన్ డయాక్సైడ్‌ని పట్టుకుంటాయి, వేడెక్కితే వదిలేస్తాయి. 2016 జులైలో ఇదే దేశంలో మిత్రిబా దగ్గర 53.9 డిగ్రీలు నమోదైంది. ఆ ఊళ్ళో సోడా సీసా కార్లో మర్చిపోయినవాడికి ఈ సూత్రం ఎవరూ చెప్పక్కర్లేదు. గ్లాసు నిండా ఐసు వేసి, సగానికి ఈ ఎర్రటిది పోసి, సోడా చివర్లో గ్లాసు అంచుమీదుగా జారవిడవాలి. చెంచాతో ఒక్కసారి కింది నుంచి పైకి. నారింజ చక్రం, పచ్చ ఆలివ్ ఒకటి. ఆలివ్ ఉప్పుకాయ లాంటిదని చెప్పాక రూములో అందరూ ఒప్పుకున్నారు. చేదు ఇంకా కావాలంటే సోడాకి బదులు సగం టానిక్ వాటర్ పోసుకోవచ్చు, అందులో ఉండేది సింకోనా బెరడు చేదే.

మిగిలింది ఫ్రిజ్‌లో రెండు రోజులు, అంతకుమించి వద్దు. బయట పెట్టి మర్చిపోవద్దు. ద్రాక్షరసం తనంతట తాను పులిసిపోతుంది. అది ఈ దేశంలో ప్రమాదం, ఏ దేశంలోనైనా కడుపుకి ప్రమాదం.

నారింజలు ఫుర్దా మార్కెట్లో అట్టపెట్టె లెక్కన కొంటాం. ఒకరోజు అక్కడ ద్రాక్ష పెట్టెల ముందు కొట్టువాడు "ఇనబ్, ఇనబ్" అని అరుస్తుంటే అన్న నవ్వాడు. హైదరాబాదు ద్రాక్షని అనాబ్ ఎ షాహీ అనేవాళ్ళు కదా, అనాబ్ అంటే ఇదేనా అని. అదే. పందొమ్మిదేళ్ళుగా విన్న మాటని చిన్నప్పటి మాటతో అప్పుడు కలిపాడు. నారింజని మాత్రం చీనీకాయ అనే అంటాడు. రెండూ ఒకటి కాదని నేను చెప్పడం మానేశాను.

కువైట్ వాళ్ళు సాయంత్రమైతే దీవానియాల్లో కూర్చుంటారు, గవ్వా తాగుతూ అర్ధరాత్రి దాకా మాట్లాడుకుంటారు. పాదోవావాళ్ళకి చౌరస్తా ఉంది. ఆరు మంచాల రూముకి ఏముంది? ఇప్పుడు శుక్రవారం ఐదింటికి మంచాలు గోడకి జరిపి, మధ్యలో అట్టపెట్టె తిప్పేసి బల్ల చేస్తున్నారు. స్టీలు గ్లాసులు వద్దని గాజువి కొన్నారు, ఎవరి డబ్బులతోనో చెప్పలేదు. మొదటి గ్లాసు అయ్యేసరికి గంట పడుతోంది. ఎవరి ఇంట్లో బోరు పడిందో, ఎవరి అకామా ఎప్పుడు అయిపోతుందో, ఎవరి కూతురు ఇంటర్‌లో ఏ గ్రూపు తీసుకుందో ఆ గంటలో తెలుస్తోంది. మత్తు రాదు కదా అని మొదట్లో వెక్కిరించిన ఒకాయన ఇప్పుడు ఆలివ్‌లు రెండడుగుతున్నాడు. అందరూ అంతే అనుకోకండి. ఒకతను రెండు వారాలొచ్చి మానేశాడు. ఎక్కడికి వెళ్తున్నాడో అన్నకి తెలుసు, నాకూ తెలుసు. రోజూ ఫోన్ చేసి తిన్నావా అని అడగడం తప్ప అన్న ఇంకేం చెయ్యలేకపోతున్నాడు.

కుర్రాడి ఫోన్ నంబరు నా దగ్గర ఉంది. చాలా రోజులు చెయ్యలేదు. ఏం మాట్లాడాలో తెలియక. డిసెంబరులో వాడే వాయిస్ మెసేజి పెట్టాడు. ముందు నా పదిహేను దినార్ల సంగతి. "అన్నా, ఆ డబ్బులు దానికి కాదు. మా యమ్మకి మందులకి పంపినా. ఆ సీసా పైసలు వేరేవాళ్ళు ఇచ్చినారు. నువ్వు అట్ల అనుకుంటాంటావని అన్న చెప్పినాడు." నమ్మాలో లేదో నాకు తెలియదు. నన్ను తేలిక చెయ్యడానికి చెప్పి ఉండొచ్చు. అంత మంచివాడే. స్టేట్‌మెంట్లో ఎవరికి పంపానో ఉంటుంది, వాళ్ళు దేనికి వాడారో ఉండదు.

రెండో మెసేజి స్ప్రిట్జ్ గురించి. రూములో శుక్రవారాల సంగతి అన్న చెప్పాడట. "అదెట్ల చేచ్చారో చెప్పన్నా. రాసి పంపొద్దు, చెప్పు."

కొలతలన్నీ నా ఫోన్లో రాసుకుని ఉన్నాయి. వాటిని పైకి చదివి రికార్డు చేశాను. మూడుసార్లు చెరిపి మళ్ళీ చెప్పాల్సొచ్చింది. "వడకట్టాక రంగు చూసి" అని నోటికొచ్చేసేది. చివరికి, చల్లారాక చెంచాతో నాలుక మీద వేసుకో, నేరేడుపండులా పట్టేస్తే సరిపోయినట్టు, అని చెప్పాను. వాళ్ళ ఊళ్ళో కర్కదే అని అడిగితే ఎవరికీ తెలియదు కాబట్టి, చేను గట్టు మీద ఎర్ర గోంగూర కాయలు పట్టి ఉంటే ఆ ఎర్ర దొప్పలు పచ్చివే ఒలిచి వేసుకోమన్నాను, ఎండువాటికి నాలుగైదు రెట్లు.

సంక్రాంతికి ముందు జవాబు వచ్చింది. గిన్నెల చప్పుడు, వాళ్ళమ్మ ఎవరినో కేకలెయ్యడం, తర్వాత గోలీ సోడా కొట్టిన చప్పుడు. ఆ కీచుమనే శబ్దం, గోలీ సీసా మెడలో దొర్లడం, చుయ్యిమని పొంగడం. పాదోవాలో ఎవరి దగ్గరా లేని సోడా అది. గ్లాసులో పోస్తుంటే వాడు "చాలు మా, చాలు, సగానికొచ్చింది" అంటున్నాడు. విని చెబుతున్నాడు.

ఒక గుక్క, కాస్త విరామం.

"అన్నా, బాగుంది గానీ మా యమ్మ చక్కెర వేసేసింది."

ఉప్పు ఇంకో చిటికెడు వెయ్యమని చెప్పాను.